నాన్నగారి నెక్సస్ 7, నేను చేసిన రూటింగు

తెనాలిలో మా నాన్నగారి దగ్గర 2012 నాటి నెక్సస్ 7 ట్యాబ్ ఒకటి ఇప్పటికీ పనిచేస్తోంది. ఆయన దానిలో చేసేది ఒక్కటే పని: ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ పుస్తకాలను నేను దించి ఇస్తే, మధ్యాహ్నం భోజనం తరవాత ఒక గంట, రాత్రి పడుకోబోయే ముందు మరొక గంట చదువుకుంటారు. కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఆయన ఒక పుస్తకం తెరిచి, ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చుకుని కూర్చునేసరికి మొదటి పేజీ అప్పుడే కనబడుతోంది. నేను నొచ్చుకుంటే ఆయనే నన్ను ఊరడిస్తూ, "పూర్వం లైబ్రరీలో పుస్తకం వెతికి తెచ్చిచ్చేసరికి అరగంట పట్టేదిరా, ఇదేమంత ఆలస్యం?" అన్నారు.

ఈ ట్యాబ్‌ను గూగుల్ 2012 జూన్ 27న ప్రకటించింది. తయారీ అసూస్‌ది. 8 జీబీ రకం వెల అప్పట్లో 199 డాలర్లు. ఆ ధరకు నాలుగు కోర్ల టెగ్రా 3 ప్రాసెసరు, 1 జీబీ ర్యామ్, 1280 × 800 చుక్కల ఏడంగుళాల తెర దొరకడం ఆనాడు ఆశ్చర్యమే. కాబట్టి ఇన్నేళ్ల తరవాత అది నెమ్మదించిందంటే తయారుచేసిన వారిని తప్పుపట్టవలసిన పని లేదు. దానికి వయసు వచ్చింది. మాది 16 జీబీ రకం; దానిలో వాడుకోవడానికి పదమూడు జీబీల చోటుంటే పన్నెండున్నర జీబీల పుస్తకాలు కుక్కినవాణ్ణి నేను. ఆండ్రాయిడ్ 5 వచ్చినప్పుడు ఈ పాత రకంలో అది బరువవుతోందని అందరూ చెప్పుకోవడం విని నేను దానిని 4.4.4 దగ్గరే ఆపేశాను. ఆ నిర్ణయానికి ఈనాటికీ చింతించడం లేదు.

రూటింగుతో, అంటే పరికరంపై పూర్తి అధికారం సంపాదించే పనితో, నా పరిచయం వేగం కోసం మొదలైనది కాదు, తెలుగు కోసం మొదలైనది. ఆండ్రాయిడ్ 2 కాలంలో చవక ఫోను కొన్న మనవాళ్లలో చాలామందికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఏ తెలుగు పేజీ తెరిచినా డబ్బాలే డబ్బాలు. ఒపేరా మినీ బ్రౌజరులో సెట్టింగు ఒకటి మార్చుకుని అక్షరాలను బొమ్మలుగా చూడడం ఒక దారి. ఫోనును రూట్ చేసి, సిస్టమ్‌లో ఉన్న ఫాంటు ఫైలు స్థానంలో తెలుగు అక్షరాలున్న ఫాంటును పెట్టడం మరొక దారి. నేను రెండో దారి పట్టాను. అక్షరాలు వచ్చాయి కానీ, వాటిని కలిపి కూర్చే యంత్రాంగం వ్యవస్థలో లేకపోవడంతో, ఒత్తులు కిందికి దిగకుండా పక్కన నిలబడేవి. ఆండ్రాయిడ్ 4.1 తెలుగు, కన్నడ, మలయాళాలకు మద్దతు తెచ్చింది, ఆ 4.1తో బయటికి వచ్చిన మొదటి పరికరం ఈ నెక్సస్ 7 కావడం వల్లే 2013లో నాన్నగారి కోసం దీనిని ఎంచుకున్నాను. రూట్ చేయనక్కరలేదని కొన్న పరికరాన్ని చివరికి రూట్ చేయవలసి వచ్చిందన్నమాట.

అయితే ఈసారి రూట్ మాట తలపెట్టే ముందు రోగం ఎక్కడుందో చూడదలిచాను. ఇందుకు రూట్ అక్కరలేదు. డెవలపర్ ఆప్షన్లలో యూఎస్‌బీ డీబగ్గింగ్ తెరిచి, ల్యాప్‌టాప్ నుంచి ఆండ్రాయిడ్‌కు ఆజ్ఞలు పంపే ఏడీబీ ద్వారా టాప్ అనే ఆజ్ఞను నడిపితే, ప్రాసెసరు సమయం ఎవరెవరి పాలవుతోందో క్షణక్షణం కనబడుతుంది. ఆ పట్టికలో పైన యూజర్, సిస్టమ్ అన్న అంకెల పక్కన ఐఓడబ్ల్యూ అని ఒకటుంటుంది: ప్రాసెసరు తన పని చేయడానికి సిద్ధంగా ఉండి, స్టోరేజీ నుంచి సమాచారం వచ్చేవరకు చేతులు కట్టుకుని కూర్చున్న సమయం అది. నాన్నగారు పుస్తకం తెరిచినప్పుడల్లా మొదటి రెండు అంకెలు అడుగున పడి ఉండగా ఈ మూడో అంకె సగానికి పైగా ఎగబాకుతోంది. అంటే నాలుగు కోర్లూ ఖాళీగానే ఉన్నాయి. సరుకు అందించే గోదాములోనే ఇరుకు. ఇది తెలియక ప్రాసెసరు వేగం పెంచే పనిలో దిగితే నొప్పి ఒకచోట, మందు ఒకచోట అయ్యేది.

ఆ ఇరుకుకు కారణం ఫ్లాష్ మెమరీ స్వభావంలో ఉంది. పలక మీద రాసినట్లు దానిలో ఉన్న రాతపైనే మరొక రాత రాయడం కుదరదు. ముందు ఒక పెద్ద గడిని మొత్తంగా చెరపాలి, ఆ తరవాతే అందులో కొత్తగా రాయాలి. మనం ఒక ఫైలును తీసేసినప్పుడు ఫైల్ సిస్టమ్ తన ఖాతాలో దాని పేరు కొట్టివేస్తుంది తప్ప, ఆ చోటు ఇక ఖాళీ అన్న కబురు మెమరీ చిప్‌లోని కంట్రోలరుకు దానంతటదే చేరదు. పాపం ఆ కంట్రోలరు, ఎవరికీ అక్కరలేని చెత్తను కూడా విలువైన సమాచారంగా భావించి, ప్రతి రాతకూ ముందు దానిని అటూ ఇటూ మోస్తూ ఉంటుంది. ఖాళీ చోటు తగ్గేకొద్దీ ఈ మోత పెరుగుతుంది. ఏయే చోట్లు ఖాళీయో చెప్పే కబురునే ట్రిమ్ అంటారు. ఆండ్రాయిడ్ 4.3 నుంచి ఈ పనిని వ్యవస్థే చేసుకుంటుంది. అయితే వాడేవారికి అడ్డు రాకుండా, పరికరం చాలాసేపు ఊరక పడి ఉండి, తగినంత ఛార్జి ఉన్న వేళ చూసి చేసుకుంటుంది. సాధారణంగా అది అర్ధరాత్రి జరుగుతుంది.

నాన్నగారి ట్యాబ్‌కు అర్ధరాత్రి లేదు. ట్యూబ్‌లైటు, ఫ్యాను, గ్యాసు రెగ్యులేటరు ఎలా కట్టేస్తారో, చదవడం కాగానే ట్యాబ్‌ను కూడా అలాగే పూర్తిగా పవర్ ఆఫ్ చేసి, ఛార్జరును ప్లగ్గు నుంచి ఊడదీసి, బీరువాలో పెట్టడం ఆయన అలవాటు. తెర ఆర్పితే చాలునని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. ఇన్నేళ్లలో ఆ ట్యాబ్ మేల్కొని ఉన్న సమయమంతా ఆయన చేతిలోనే గడిపింది. ఊరక పడి ఉన్న ఘడియ దానికి దాదాపు ఎన్నడూ దొరకలేదు కనుక ట్రిమ్ జరిగే అవకాశమే రాలేదు. ఈ సంగతి తట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. తట్టాక నవ్వు వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి అలవాటు మార్చడం కన్నా ఆండ్రాయిడ్ అలవాటు మార్చడమే సులువని తేలాక రూట్ చేయాలని నిశ్చయించాను.

రూట్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్. ప్రతి యాప్‌కూ అది వేరొక వాడుకరి సంఖ్య ఇచ్చి, ఎవరి గది వారిదిగా ఉంచుతుంది. సున్నా సంఖ్య గల వాడుకరికి మాత్రం అన్ని గదుల తాళాలూ ఉంటాయి. ఆ హోదాను మనం అడిగినప్పుడు పొందే ఏర్పాటు చేసుకోవడమే రూట్ చేయడం. ఈనాటి పరికరాలలో ఇందుకు మ్యాజిస్క్ వాడతారు. కానీ దాని కొత్త వెర్షన్లు ఆండ్రాయిడ్ 6, ఆపైన మాత్రమే నడుస్తాయి కాబట్టి, 4.4కు నేను చైన్‌ఫైర్ అన్న పేరుతో ప్రసిద్ధుడైన డెవలపర్ రాసిన పాత సూపర్‌ఎస్‌యూనే వెతికి తెచ్చుకున్నాను. ఒక్క బటన్ నొక్కితే రూట్ అవుతుందని ఊరించే యాప్‌ల జోలికి మాత్రం వెళ్లలేదు. భద్రతలోని ఏదో లొసుగును వాడుకుని లోపలికి దూరే అపరిచిత యాప్ ఆ తరవాత లోపల కూర్చుని ఏం చేస్తుందో మనకు తెలియదు. నెక్సస్ పరికరాలకు బూట్‌లోడరును (ఆన్ చేయగానే ముందుగా నడిచి ఆండ్రాయిడ్‌ను లేపే భాగాన్ని) అధికారికంగానే తెరిచే వీలు ఉన్నప్పుడు దొడ్డిదారి ఎందుకు?

పనిలో మొదటి ఆటంకం ఊహించనిది. ల్యాప్‌టాప్‌కు ట్యాబ్ అసలు కనబడలేదు. డ్రైవర్లు తీసి మళ్లీ వేశాను, రెండు పోర్టులు మార్చాను, ఒక పూట అలాగే గడిచిపోయింది. తీరా చూస్తే ఈసారి నేను తీసుకున్నది ఇంట్లోని మరొక కేబులు, ఛార్జింగుకు మాత్రమే పనికివచ్చే రకం. సమాచారం మోసే తీగలు దానిలో లేవు. ముందు వాడిన మంచి కేబులు వెతికి పెట్టాక, వాల్యూమ్ తగ్గించే మీటను, పవర్ మీటను కలిపి పట్టుకుని బూట్‌లోడరులోకి వెళ్లి, ల్యాప్‌టాప్ నుంచి బూట్‌లోడరుకు ఆజ్ఞలు పంపే ఫాస్ట్‌బూట్‌తో తాళం తీయడం అయిదు నిమిషాల పని.

తాళం తీయగానే ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇది పొరపాటు కాదు, రక్షణ కోసం చేసిన ఏర్పాటు: ట్యాబ్ దొంగిలించినవాడు బూట్‌లోడరు తెరిచి మన ఫైళ్లు చదవకూడదు కదా. పుస్తకాలన్నిటినీ ముందే ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను కానీ, ఏ పుస్తకంలో ఎన్నో పేజీ దాకా వచ్చారో గుర్తుంచుకున్న చదివే యాప్ సమాచారం దాచాలన్న ఆలోచన నాకు రాలేదు. నలభై పుస్తకాల పేజీ గుర్తులు పోయాయి. భయపడుతూ ఆ మాట చెబితే నాన్నగారు లేచి వెళ్లి పాత పంచాంగం తెచ్చారు. దాని అట్ట లోపలి వైపు పుస్తకం పేరు, పేజీ సంఖ్య, తేదీ వరసగా పెన్సిలుతో రాసి ఉన్నాయి. "దాని గుర్తు మీద నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు" అన్నారు.

తరవాతి మెట్టు టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ, అంటే ఆండ్రాయిడ్ నడవకుండానే దానిలో మార్పులు చేయనిచ్చే చిన్న వ్యవస్థ. ఇక్కడ తెలియనివారు తరచూ పడే గుంట ఒకటుంది. ఫాస్ట్‌బూట్‌తో కొత్త రికవరీ ఎక్కించి, ట్యాబ్‌ను మామూలుగా ఆన్ చేస్తే, వ్యవస్థ మొదలయ్యేటప్పుడే తన పాత రికవరీని మళ్లీ దాని స్థానంలో పెట్టేస్తుంది. మనం ఎక్కించింది పనిచేయలేదేమో అనుకుంటాం. ఎక్కించిన వెంటనే బూట్‌లోడరు మెనూ నుంచే రికవరీలోకి వెళ్లి, సూపర్‌ఎస్‌యూ జిప్‌ను అక్కడ నుంచి ఇన్‌స్టాల్ చేయాలి. మరొక హెచ్చరిక: ఫాస్ట్‌బూట్‌తో దేనినైనా చెరపవచ్చు గానీ, బూట్‌లోడరు విభాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితులలోనూ చెరపకూడదు. ఈ ట్యాబ్‌లో అది పోతే ఏపీఎక్స్ అనే స్థితిలోకి వెళ్లి, తెర నల్లగా ఉండిపోతుంది. ఆ పరికరానికే చెందిన ప్రత్యేక ఫైళ్లను ముందే తీసి దాచుకున్నవారు తప్ప మిగిలినవారు దానిని బతికించుకోవడం చాలా కష్టం. బూట్‌లోడరు మార్చవలసిన అవసరం నాకు లేదు కాబట్టి దాని దరిదాపులకు పోలేదు.

రూట్ పూర్తయిన సాయంత్రం ట్యాబ్ కొత్తదానిలా పరుగెత్తింది. అయితే ఆ వేగం రూట్ వల్ల వచ్చిందని అనుకుంటే నన్ను నేను మోసం చేసుకున్నట్లే. తాళం తీసినప్పుడు సర్వం చెరిగిపోయింది. ఖాళీ ట్యాబ్ ఏదైనా వేగంగానే ఉంటుంది. రూట్ చేశాక తమ ఫోను రెక్కలు కట్టుకుందని చెప్పేవారిలో చాలామంది నిజానికి మెచ్చుకుంటున్నది ఫ్యాక్టరీ రీసెట్‌నే అని నా అనుమానం. అందుచేత పుస్తకాలన్నీ తిరిగి ఎక్కించి, మరే మార్పూ చేయకుండా, ట్యాబ్‌ను నాన్నగారికి అప్పగించి హైదరాబాద్ వచ్చేశాను.

ఉగాదికి వెళ్లేసరికి పాత జబ్బు తిరగబెట్టింది. అంతకు ముందున్నంత కాదు గానీ, పుస్తకం తెరవడానికి ముప్పై సెకన్లకు పైనే పడుతోంది. ఈసారి ఏమీ చెరపలేదు, ఏ ఫైలూ తీయలేదు. లైనక్స్ ఆజ్ఞల మూట అయిన బిజీబాక్స్ ఎక్కించి, రూట్ హోదాలో డేటా విభాగం మీద, ట్రిమ్ కబురు పంపే ఎఫ్‌స్ట్రిమ్ ఆజ్ఞను ఒక్కసారి నడిపాను. కొన్ని సెకన్ల తరవాత, ఎంత చోటు గురించి కంట్రోలరుకు కబురు పంపిందో లెక్క చూపించి ఆగింది. అదే పుస్తకం మళ్లీ తెరిస్తే పన్నెండు సెకన్లు. ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్లే ఉండగా వచ్చిన మార్పు కాబట్టి, దీనిని మాత్రం ధైర్యంగా ట్రిమ్ ఖాతాలో వేయగలను.

మిగిలిన పన్నెండు సెకన్ల సంగతి వేరు. ఇప్పుడు టాప్ పట్టికలో ఐఓడబ్ల్యూ తగ్గి, యూజర్ అంకె పైకి లేచింది. అంటే ఈ ఆలస్యం నిజంగా ప్రాసెసరుదే. ఆర్కైవ్‌లో దొరికే స్కాన్ పీడీఎఫ్‌లలో చాలావాటిలో పేజీ బొమ్మలు జేపెగ్ 2000 పద్ధతిలో కుదించి ఉంటాయి. ఫైలు పరిమాణం తగ్గించడంలో ఆ పద్ధతి గట్టిదే కానీ, దానిని విప్పడానికి పాత ప్రాసెసరు చెమటోడ్చాలి. ఇక్కడ ఓవర్‌క్లాకింగ్‌కు, అంటే ప్రాసెసరును దాని నిర్ణీత వేగాన్ని మించి నడపడానికి, అవకాశం ఉందనిపించి, వేగం పెంచుకునే వీలున్న కెర్నెల్ (వ్యవస్థకు గుండెకాయ వంటి భాగం) ఒకటి వేసి, ప్రాసెసరును 1.5 గిగాహెర్ట్జ్ దాకా తోలాను. రెండు సెకన్లు తగ్గాయి. దానికి మూల్యంగా ట్యాబ్ వెనక భాగం వేసవి మధ్యాహ్నం అరుగులా కాలింది, బ్యాటరీ సాయంత్రానికే నీరసపడింది. వెంటనే తీసేసి పాత కెర్నెల్‌ను తిరిగి పెట్టాను. దానికి బదులుగా పుస్తకాలను ల్యాప్‌టాప్‌లోనే నలుపు తెలుపు డీజేవీయూ ఫైళ్లుగా మార్చి ఎక్కించాను. ఇప్పుడు పుస్తకం మూడు నాలుగు సెకన్లలో తెరుచుకుంటోంది. పేజీ తిప్పితే వెంటనే వస్తోంది. ఫైళ్లు చిన్నవి కావడంతో నాలుగు జీబీల చోటు కూడా మిగిలింది. ట్యాబ్ వేగం కోసం చేసిన పనులన్నిటిలోకీ ఎక్కువ ఫలితమిచ్చిన ఈ పని ట్యాబ్‌ను ముట్టుకోకుండా చేసినది.

చదవడానికి కేఓరీడర్ పెట్టాను. అది పాత ఆండ్రాయిడ్‌లలో కూడా నడుస్తుంది, పేజీ చుట్టూ ఉన్న తెల్ల అంచులను తానే కత్తిరిస్తుంది. స్కాన్ బొమ్మలోని పదాలను విడదీసి తెరకు తగినట్లు తిరిగి పేర్చే సదుపాయం కూడా దానిలో ఉంది గానీ, తెలుగుకు వచ్చేసరికి అది కొన్నిచోట్ల కింది ఒత్తులను తరవాతి వరసకు చెందినవిగా పొరబడుతోంది. కనుక దానిని మూసి ఉంచాను.

మిగిలిన చిట్కాల గురించి పెద్దగా రాయవలసింది లేదు. ర్యామ్‌లోని కొంత భాగాన్ని కుదించి వాడే జడ్‌ర్యామ్, పది యాప్‌ల మధ్య తిరిగేవారికి ఉపయోగమే. ఒకే యాప్ తెరిచి కూర్చునే మనిషికి తేడా తెలియదు. బిల్డ్ ప్రాప్ అనే సెట్టింగుల ఫైలులో ఏవో మంత్రాక్షరాల వంటి వరసలు చేరిస్తే వేగం వస్తుందనే ప్రచారం చాలావరకు మూఢనమ్మకం. ఆ వరసలలో కొన్నింటిని ఆండ్రాయిడ్ అసలు చదవనే చదవదు. టాస్క్ కిల్లర్ యాప్‌లు చంపిన పనులు మళ్లీ పుట్టి మరింత పని పెంచుతాయి. కొన్ని కెర్నెల్‌లు ఎఫ్‌సింక్‌ను ఆపివేసే మీటను ఇస్తాయి. రాసినది నిజంగా స్టోరేజీకి చేరిందా లేదా అని చూడకుండా ముందుకు పోవడం వల్ల వేగం కనబడుతుంది, మధ్యలో ట్యాబ్ ఆగిపోతే ఫైళ్లు చెడిపోతాయి. ఫైల్ సిస్టమ్‌ను ఎఫ్2ఎఫ్ఎస్‌కు మార్చమని కూడా చాలామంది సలహా ఇస్తారు. ఫ్లాష్ మెమరీ కోసమే శామ్‌సంగ్ రూపొందించిన మంచి వ్యవస్థ అది, 2013లో లైనక్స్ 3.8తోపాటు వచ్చింది. కానీ దాని బలం ప్రధానంగా చిన్న చిన్న రాతలలో ఉంది, మా నాన్నగారు చేసేది చదవడం; పైగా దానికోసం వేరే కెర్నెల్ వేసి డేటా విభాగాన్ని మళ్లీ చెరపాలి. పంచాంగం అట్టను రెండోసారి పరీక్షించే ధైర్యం నాకు లేకపోయింది.

గూగుల్ ఖాతాను ట్యాబ్ నుంచి తీసేశాను. పాత ఆండ్రాయిడ్‌కు భద్రతా సవరణలు ఆగిపోయి ఏళ్లు దాటింది, దానికితోడు రూట్ తలుపు కూడా తెరిచి ఉంది. అలాంటి పరికరంలో మెయిల్, బ్యాంకు, యూపీఐ వంటివి ఉంచడం తగదు. ఆండ్రాయిడ్ 5కు ముందు టీఎల్‌ఎస్ 1.2 (సైట్లతో భద్రంగా మాట్లాడే పద్ధతి) తనంతట తాను అమలులో ఉండదు కాబట్టి చాలా సైట్లు ఎలాగూ తెరుచుకోవు. వైఫై ఆపేసి, పుస్తకాలను కేబులు ద్వారానే ఎక్కిస్తున్నాను. ఈ ఒక్క పనితో వెనక నడిచే యాప్‌ల గోల కూడా అణిగింది.

చివరగా చేసినది, దేనికోసం రూట్ మొదలుపెట్టానో ఆ పని. బూట్ అయ్యేటప్పుడు సూపర్‌ఎస్‌యూ తనంతట తాను నడిపే స్క్రిప్టుల ఫోల్డరులో నాలుగు వరసల స్క్రిప్టు ఒకటి పెట్టాను. ట్యాబ్ మొదలైన నిమిషం తరవాత అది డేటా, క్యాష్ విభాగాల మీద ఎఫ్‌స్ట్రిమ్ నడిపి తప్పుకుంటుంది. సిస్టమ్ విభాగం చదవడానికే తప్ప రాయడానికి తెరుచుకోదు కనుక దానికి అక్కరలేదు. చదవడం కాగానే ఆపేసి, చదివేటప్పుడు మళ్లీ వేసే నాన్నగారి అలవాటు ఇప్పుడు ఆ ట్యాబ్‌కు మేలే చేస్తోంది.

మొన్న ఫోనులో మాట్లాడుతూ ఆయన, "ట్యాబ్ వేసిన కాసేపటికి ఒక్క క్షణం ఆగి ఏదో ఆలోచిస్తోందిరా, మళ్లీ ఏమైనా చేశావా?" అని అడిగారు. లోపలి చెత్త ఊడ్చుకుంటోంది నాన్నగారూ, వేసినప్పుడల్లా ఆ ఒక్కసారే ఆగుతుంది అన్నాను.

"సరే, ఊడ్చుకోనీ. ఈలోగా నేను కళ్లజోడు తుడుచుకుంటాను" అన్నారు.